అత్తయ్యగారికి నేను చెప్పిన సినిమాలు

మా ఆయనకి సినిమా పిచ్చి అంటే మొదటి రోజు మొదటి ఆటకి చొక్కాలు చింపుకునే పిచ్చి అనుకునేరు. అదైతే నాకూ ఉంది, మా కాకినాడలో ఎవరికి లేదు? ఈయనది వేరే రకం. ప్రపంచంలో ఏ మూల ఏ సినిమాకి అవార్డు వచ్చినా అది డిస్కు రూపంలో మా ఇంట్లో ఉండాలి. నలుపు తెలుపైతే మరీ మంచిది. అందులో ఎవరూ పెద్దగా మాట్లాడకుండా, ఒక ముసలాయన వానలో గొడుగు లేకుండా చాలాసేపు నిలబడితే ఇక ఆయన ఆనందానికి అంతుండేది కాదు.

దేశంకాని దేశంలో, సెంగ్‌కాంగ్ అనే పేటలో మా ఫ్లాట్ హాల్లో ఒక గోడ గోడంతా ఆ డిస్కులదే. అందరూ ఫోన్లలో చూసుకుంటున్నారు కదా, మనకెందుకండీ ఈ పెట్టెలన్నీ అంటే, "నెట్‌లో ఇవాళ ఉంటుంది, రేపు తీసేస్తారు. గోడమీదున్నది మనది" అనేవారు. పాత డిస్కులు అమ్మేవాళ్ళని ఫోన్లో వెతికి పట్టుకుని, ఆఫీసయ్యాక పాయా లేబర్ రైలు స్టేషన్ గేట్ల దగ్గర నిలబడి తీసుకునేవారు. ఇద్దరూ అటూ ఇటూ చూసి సంచీ మార్చుకుంటుంటే, తెలియనివాళ్ళు ఏ దొంగ సరుకో అనుకోవాలి. ఇంటికి రాగానే బట్టలైనా మార్చుకోకుండా కళ్ళజోడు తుడిచే గుడ్డ తీసి, డిస్కుని మధ్యలోంచి అంచు వైపు తిన్నగా తుడిచేవారు. గుండ్రంగా తుడిస్తే పాడవుతుందట. ఈ ఊరి తేమకి బూజు పడుతుందని అరకొక తేమ పీల్చే డబ్బా పెట్టారు. వంటింట్లో బియ్యానికి పురుగు పడితే మాత్రం ఆ మహానుభావుడికి కనబడేది కాదు.

దేశాలవారీగా సర్దుకున్నారు. ఒకసారి నేను దుమ్ము దులుపుతూ జపాను సినిమాని పోలండు పక్కన పెట్టేశాను. దానికి ఆయన ముఖం చూడాలి, పిల్లని వేరే స్కూల్లో వదిలేసి వచ్చినట్టు చూశారు.

ఆ గోడమీద మా అత్తయ్యగారికీ హక్కుండేది. మావయ్యగారు పోయాక ఆవిడ మా దగ్గరికే వచ్చేశారు. మా ఆయన తిరిగి తిరిగి ఆవిడ ఇక్కడే ఉండిపోవడానికి కాగితాలు కూడా చేయించారు. అప్పటికే ఆవిడ కళ్ళు బాగా మసక. కంటి లోపల నరం ఎండిపోతోంది, ఇక ఉన్నంతవరకే అన్నారు డాక్టర్లు. వెలుతురు తెలుస్తుంది, మనిషి కదిలితే తెలుస్తుంది, ముఖాలు తెలియవు. అయినా కొత్త వస్తువు ఇంట్లోకొస్తే బొట్టు పెట్టనిదే వాడనిచ్చేవారు కాదు. ఫ్రిజ్జుకీ బొట్టే, మిక్సీకీ బొట్టే, అవార్డు సినిమాలకీ బొట్టే. ఒకసారి అట్ట తెరుచుకుందని చూసుకోక, ఏకంగా డిస్కు మెరిసే వైపు పసుపూ కుంకుమా పెట్టేశారు. సినిమా సగంలో ఠక్కున ఆగిపోయింది. తెరమీద ఒకావిడ నోరు తెరిచి అలాగే ఉండిపోయింది. నేను పడీపడీ నవ్వుతుంటే, ఈయన ఒక్క మాట అనకుండా డిస్కు తుడుచుకుని, వాళ్ళమ్మ వేలు పట్టుకుని, "ఇక్కడమ్మా, ఈ అట్టమీద" అని చూపించారు. వాళ్ళమ్మంటే ఆయనకి అంత ప్రాణం.

ఆవిడకి సినిమా చెప్పే పని మొదట ఆయనదే. కింద పడే ఇంగ్లీషు అక్షరాలు ఆవిడకి కనబడవు, కనబడినా రావు. ఆయన చెప్పడం ఎలా ఉండేదంటే, "అతను కిటికీ దగ్గర నిలబడ్డాడమ్మా" అనేసి, ఆ తర్వాత చాలాసేపు మాట్లాడేవారు కాదు.

"ఎందుకు నిలబడ్డాడ్రా?"

"అది డైరెక్టర్ చెప్పడమ్మా. మనమే ఆలోచించుకోవాలి."

"నేనాలోచించుకుంటే ఇంక వాడెందుకూ తియ్యడం?"

ఇది పని కాదని నేను రంగంలోకి దిగాను. ఆదివారం భోజనాలయ్యాక సోఫాలో అత్తయ్యగారు, పక్కన నేను, కుర్చీలో ఈయన. మా పిల్ల చాపమీద ఫోను పట్టుకుని పడుకునేది. సినిమా మొదలవగానే అత్తయ్యగారు అడిగే ప్రశ్న ఒకటే, "ఆవిడకి ఈయనేమవుతాడు?" వరస తేలందే కథలోకి రారు. ఇంగ్లీషువాడికేం, కజిన్ అని రాసిపారేస్తాడు. అన్నయ్య అవుతాడో బావ అవుతాడో మనం తేల్చుకోవాలి. ఒక సినిమాలో మంచివాడిలా ఉన్నాడు కదాని అన్నయ్య అని చెప్పేశాను. గంట గడిచాక వాళ్ళిద్దరూ ముద్దు పెట్టుకున్నారు. ముఖాలు తెలియకపోయినా ఆ సంగతి అత్తయ్యగారికి తెలిసిపోయింది.

"ఛీఛీ! ఇదేం కర్మమే, తోడబుట్టినట్టు పెరిగి!"

"కాదండీ, కాదండీ, మేనత్త కొడుకే. చిన్నప్పటినుంచీ ఇంట్లో అన్నయ్యా అని పిలవడం అలవాటైపోయిందట."

"అలా చెప్పు మరి. ప్రాణం పోయింది" అన్నారావిడ. ఆయన లేచి వంటింట్లోకెళ్ళి మంచినీళ్ళు తాగుతున్నట్టు నటిస్తూ నవ్వుకున్నారు.

వరసలతో మొదలైన నా పెత్తనం ముగింపులదాకా పోయింది. అవార్డు సినిమాల్లో ఎవరూ బాగుపడరు కదా. మొదట్లో ఉన్నదున్నట్టే చెప్పాను. ఒక సినిమాలో పసిపిల్ల చచ్చిపోతే అత్తయ్యగారు ఆ పూట అన్నం ముట్టలేదు. షుగరు మనిషి, తినకపోతే కళ్ళు తిరుగుతాయి. ఈ గొడవంతా ఎందుకని తర్వాతి వారం నుంచి నేను బతికించడం మొదలుపెట్టాను. ఉద్యోగం పోయినవాడికి ఉద్యోగం ఇప్పించాను, విడిపోయినవాళ్ళని కలిపాను, ఆస్పత్రిలో చేరినావిడని ఇంటికి పంపించాను. తెరమీద శవపేటిక పోతుంటే, "ఏదో ఊరేగింపండీ, పూలు బాగా పెట్టారు" అన్నాను. ఆయన కళ్ళజోడు మీంచి నావైపు చూసేవారు. అత్తయ్యగారు గదిలోకెళ్ళాక, "పాపం ఆ డైరెక్టర్ ఏళ్ళ తరబడి కష్టపడి తీశాడు, నువ్వు ఒక్క నిమిషంలో పెళ్ళి చేసేశావు" అనేవారు. కానీ ఒక్కసారీ అడ్డు చెప్పలేదు.

ఆయన పోయారు. ఆఫీసులో మీటింగులో ఉండగా ఛాతీ పట్టుకుని కుర్చీలో కూలబడ్డారట. నేను ఆస్పత్రికి చేరేసరికి అయిపోయింది. వయసా, రోగమా, ముందురోజు నాతో పోట్లాడి మరీ ఒక డిస్కు తెచ్చుకున్న మనిషి.

సాయంత్రం ఇంటికొచ్చాను. పిల్లని స్నేహితురాలింట్లో ఉంచాను. తలుపు చప్పుడుకి అత్తయ్యగారు సోఫాలోంచి, "వాడేడమ్మా, ఇంకా రాలేదు?" అన్నారు.

మా వాళ్ళలో పెద్దవాళ్ళకి చావు కబురు ఒక్కసారిగా చెప్పరు. ముందు ఒంట్లో బాలేదంటారు. తర్వాత సీరియస్ అంటారు. బండెక్కించి తీసుకొస్తారు, వీధి మొగలో జనాన్ని చూసి వాళ్ళే గ్రహించుకుంటారు. ఇక్కడ వీధీ లేదు, జనమూ లేరు. లిఫ్టు దిగితే మా తలుపే. ఆవిడకి చెప్పాల్సినదాన్ని నేనొక్కదాన్నే.

"ఆస్పత్రిలో ఉన్నారండీ. కాస్త నలతగా ఉందని చేర్చారు. బానే ఉన్నారు, రేపు మీతో మాట్లాడతారు" అన్నాను.

"సరే" అన్నారావిడ. పెరుగన్నం కలిపి పెడితే మొత్తం తిన్నారు. తెల్లారాక పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని అసలు సంగతి చెప్పాను. ఆవిడ గుండెలు బాదుకోలేదు. పిల్ల తలమీద చెయ్యేసి అలాగే ఉండిపోయారు.

నాకు ఏడుపు రాలేదు. ఆ రోజూ రాలేదు, తర్వాతా రాలేదు. తెలుగువాళ్ళందరూ వచ్చారు, క్యారియర్లలో అన్నాలు తెచ్చారు, ఏడువమ్మా, ఏడిస్తే తేలికవుతుంది అన్నారు. వాళ్ళు ఏడ్చారు. నేను వాళ్ళకి టీలు పెట్టాను. పన్ను పీకేముందు ఇంజెక్షన్ ఇస్తారే, బుగ్గ ఉందని తెలుస్తుంది గానీ నాదనిపించదు, నేను మొత్తంగా అలా అయిపోయాను. సెలవులయ్యాక ఆఫీసుకెళ్ళాను. రైల్లో నిలబడ్డాను, దిగాను. బాగానే పనిచేశాను. ఎవరో జోకు వేస్తే నవ్వాను కూడా. కూరలో ఉప్పు వేశానో లేదో తెలిసేది కాదు, వేసినా వెయ్యకపోయినా ఒకటే.

పిల్ల నన్ను తేరిపార చూసేది. ఇక్కడే పుట్టి పెరిగింది, తెలుగు అర్థమవుతుంది గానీ జవాబు ఇంగ్లీషులోనే.

"అమ్మా, యూ ఓకే ఆర్ నాట్?"

"ఓకేనే."

"డోంట్ బ్లఫ్ లా" అని, అబద్ధమాడకని ఇక్కడి యాసలో అనేసి తన గదిలోకి పోయేది.

టీవీ ఎవరూ పెట్టలేదు. కానీ ఆదివారం భోజనమయ్యాక అత్తయ్యగారు చీర చెంగు సర్దుకుని వచ్చి సోఫాలో తన చోట కూర్చునేవారు. నల్లటి తెరకేసి ముఖం పెట్టి కాసేపుండి, లేచి వెళ్ళిపోయేవారు. నేను చూసి కూడా పట్టించుకునేదాన్ని కాదు. చెప్పడానికి నా దగ్గర గొంతు లేదు. ఉన్నవన్నీ పొడి మాటలు. మందులేసుకున్నారా, భోజనానికి రండి, గీజర్ వేశాను.

అలాంటప్పుడు ఆయన అక్క విశాఖపట్నం నుంచి ఫోన్ చేశారు. మంచి మనిషి, తప్పు పట్టడానికేం లేదు.

"చూడమ్మా, నువ్వేమో ఆఫీసుకెళ్తావు, పిల్ల స్కూలుకెళ్తుంది. కళ్ళు కనబడని మనిషి, పగలంతా ఒక్కతే ఆ ఫ్లాట్లో ఎలా ఉంటుంది? నేనొచ్చి అమ్మని తీసుకెళ్తాను. నువ్వేమంటావు?"

"మీ ఇష్టం వదినగారూ" అన్నాను. ఫోన్ పెట్టేశాను.

ఏమనాలి మరి? కన్నకూతురింటికి వెళ్ళడమంటే ఆవిడకి సుఖం. అక్కడ పాలవాడు, పక్కింటివాళ్ళు, వీధిలో పోయేవాళ్ళు అందరూ ఆవిడ భాషవాళ్ళే. ఇక్కడ నేను తప్ప ఎవరున్నారు, ఆ నేనైనా మిగిలానా? ఉండండి అంటే మొహమాటానికి ఉండిపోతారు. అది నా స్వార్థమవుతుంది. అలా అనుకుని ఊరుకున్నాను. కానీ ఆవిడ వెళ్ళిపోతే ఈ ఇంట్లో నేను రాయినైపోతానని నాకు తెలుసు. ఆయన్ని "వాడు" అని పిలిచే గొంతు ఇక నాకు వినబడదని తెలుసు. వద్దు, వెళ్ళకండి అని అరవాలని ఉంది. అదంతా పక్క ఫ్లాట్లో మోగుతున్న టీవీలా ఉండేది, గోడకి అవతల.

టికెట్లు తీసుకోబోతున్నామని వదినగారు చెప్పాక, నేను ఆ సినిమాల గోడ ఖాళీ చేసేద్దామనుకున్నాను. పిల్ల ఫోన్లో ఫొటోలు పెడితే ఊరికి అవతలి కొస బుకిట్ బటోక్ నుంచి ఒకాయన మొత్తం తీసుకెళ్తానన్నాడు. తర్వాతి ఆదివారం కిందనుంచి అట్టపెట్టెలు తెచ్చుకుని, పిల్లా నేనూ సర్దడం మొదలుపెట్టాం. ఆయన దేశాలవారీగా పెట్టుకున్నవాటిని ఏది దొరికితే అది పెట్టెలో వేశాను. ఒక్కొక్క అట్టమీద ఎండిపోయిన బొట్టు వేలికి తగిలింది. ఉల్లిపాయలు సంచిలో వేస్తున్నట్టే ఉంది నాకు, అంతకంటే ఏమీ అనిపించలేదు.

అత్తయ్యగారు వచ్చి సోఫాలో కూర్చున్నారు. టేపు చించుతున్న చప్పుడు విన్నారు.

"ఏం చేస్తున్నారమ్మా?"

"డిస్కులు సర్దుతున్నామండీ. ఎవరో తీసుకెళ్తానన్నారు."

"అన్నీనా?"

"అన్నీ."

ఆవిడ ముఖం ఆ గోడకేసి తిప్పారు. తర్వాత, "ఆ సముద్రం సినిమా ఉంటుంది చూడు. నేను వెళ్ళేలోపు అదొక్కసారి పెట్టు" అన్నారు.

అది ఆవిడకి ఎంతో ఇష్టమైన సినిమా. ఏదో చలిదేశంలో ఒక రేవు. ఒక తల్లి, ఒక్కడే కొడుకు. పెద్ద పడవెక్కి వెళ్ళినవాడు తిరిగిరాడు. ఆవిడ రోజూ చేపలు ఆరబోసుకుంటూ సముద్రంకేసి చూస్తుంటుంది. ఆఖర్న దూరంగా ఒడ్డు వెంబడి ఒక మనిషి భుజాన సంచితో నడిచివస్తాడు. వచ్చినవాడు కొడుకు కాదు, కొడుకుతోపాటు పడవలో పనిచేసినవాడు. ఆ సంచి కొడుకుది. నేను మాత్రం మొదటిసారి చెప్పినప్పుడే కొడుకొచ్చేశాడని చెప్పేశాను. అప్పటినుంచీ అడిగి మరీ పెట్టించుకునేవారు.

"ఇప్పుడెందుకండీ" అన్నాను.

"నాకు చూడాలనుంది" అన్నారు. పిల్ల పెట్టెలో చెయ్యి పెట్టి వెతికి తీసింది, డిస్కు పెట్టింది.

నేను పక్కన కూర్చుని చెప్పాను. ఎన్నాళ్ళో వాడని గొంతు, గీరుకుపోతున్నట్టుంది. పొద్దున్నే మంచు పట్టిందండీ, ఆవిడ గుమ్మంలో నిలబడింది, పొరుగావిడ రొట్టె తెచ్చిచ్చింది, వరసకి తోడికోడలు. ఎప్పుడూ చెప్పినట్టే చెప్పాను. ఒడ్డు వెంబడి మనిషి కనబడ్డాడు. తల్లి చేపల బుట్ట పక్కన పెట్టి లేచింది.

"వస్తున్నాడండీ. సంచి వేసుకుని..." అన్నాను.

ఆవిడ నా మణికట్టు పట్టుకున్నారు. "ఈసారి ఉన్నదున్నట్టు చెప్పమ్మా."

"ఉన్నదేనండీ."

"కాదు. నాకు ముఖాలే తెలియవు. మనిషి పరిగెత్తుతోందో నిలబడిపోయిందో తెలియదా? కొడుకొస్తే ఏ తల్లయినా పరిగెత్తుతుంది. ఆవిడ నిలబడ్డచోటునుంచి కదల్లేదు. ఎన్నిసార్లు పెట్టినా కదల్లేదు."

"మరి ఎప్పుడూ అనలేదేంటండీ?" అన్నాను.

"నువ్వు అంత కష్టపడి బతికిస్తుంటే ఏమనను? వాడేమో నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి పోయేవాడు. బాగుండేది నాకు."

తెరమీద ఆ మనిషి దగ్గరకొచ్చేస్తున్నాడు.

"ఆ రోజూ అంతే. ఆస్పత్రిలో ఉన్నారు, బానే ఉన్నారు, రేపు మాట్లాడతారు అన్నావు. ఇదే గొంతు. వింటూనే నాకు తెలిసిపోయింది, వాడు లేడని."

"తెలిసి... అన్నం తిన్నారు కదండీ?"

"తినకపోతే నువ్వు నిజం చెప్పాల్సొచ్చేది. ఆ పూట నీకు ఆ ఓపిక లేదు."

నేను ఆవిడ ముఖంకేసి చూశాను. ఆ పెరుగన్నం ముద్ద ముద్దా నా కళ్ళముందు కనబడింది. కొడుకు పోయాడని తెలిసి, ఆ గిన్నె మొత్తం, నా కోసం.

"చెప్పమ్మా" అన్నారు.

చెప్పాను. "వచ్చింది కొడుకు కాదండీ. వాడితో పనిచేసినవాడు. సంచి తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాడు. ఆవిడ దాన్ని తెరవలేదు. ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. వాడేదో చెప్తున్నాడు, కింద మాటలేం పడట్లేదు. ఆవిడ వినట్లేదు. వాడు వెళ్ళిపోయాడు. వాడు ఇక రాడండీ. వాడు రాడు." ఎవరి గురించి చెబుతున్నానో నాకే తెలియలేదు.

"వెళ్ళకండి అత్తయ్యగారూ" అన్నాను. "నన్నిలా వదిలేసి వెళ్ళకండి. నాకు మీరు కావాలి."

"ఈ మాట ఇన్నాళ్ళూ ఏమైంది? గదిలోంచి విన్నానే, మీ ఇష్టం వదినగారూ అన్నావు. వాడు లేకపోతే ఇక నేనెందుకు నీకు బరువు అనుకున్నాను. నా ఇష్టమేంటని అక్కడ అదీ అడగలేదు, ఇక్కడ నువ్వూ అడగలేదు. నేనిక్కడే ఉంటాను. వాడు తిరిగిన ఇల్లు ఇది."

అప్పుడొచ్చింది. ఆవిడ ఒళ్ళో తల పెట్టుకుని, పక్కవాళ్ళు వింటారన్న సిగ్గు కూడా లేకుండా బావురుమన్నాను. ఆవిడ నా వీపు నిమురుతూ ఉన్నారు. ఎందుకేడుస్తున్నావనిగానీ, ఊరుకోమనిగానీ అనలేదు. పిల్ల బెదిరిపోయి టేపు పట్టుకుని నిలబడింది.

"అయిపోయిందా సినిమా?" అని అడిగారు దాన్ని.

"ఫినిష్ అయింది నానమ్మా."

"అయితే ఆ పెట్టెలోంచి ఇంకోటి తీసి పెట్టు. మీ అమ్మ ఏడవడం అయ్యేదాకా నువ్వు చెబుదువుగాని."